పిడుగు తాడు ఎందుకు లాగుతున్నాడు

"ప్రకాశ్ గారండీ, కోనసీమ మొత్తం మీద బుర్ర అనేది ఒక్కటే ఉందండి. అది ప్రస్తుతం మీ అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతోందండి."

ఈ మాట అన్నవాడు బంగారరాజు. కాఫీ మా అమ్మది, అరుగు మాది, బుర్ర సంగతికి నేను పూచీ పడలేను.

బంగారరాజుకి మామిడికుదురు సెంటర్లో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు ఉంది. బోర్డు మీద పెద్ద అక్షరాలతో 'రాజు మొబైల్స్' అనీ, దాని కింద ఎర్ర రంగుతో 'రహస్య పరిశోధనలు చేయబడును' అనీ ఉంటుంది. అతని మొదటి కేసు పోయిన సైకిలు. వారం పాటు ఆ సైకిలు మీదే ఊరూరా తిరుగుతూ దాన్ని వెతికాడు. చివరికి సైకిలు యజమానే అతన్ని పట్టుకున్నాడు. 'వస్తువు దొరికింది కదండీ, ఎవరు పట్టుకుంటే ఏమండీ' అని ఆ కేసుని గెలిచిన లెక్కలో వేసుకున్నాడు.

రాజుల ఇళ్ళలో పసిపిల్లల్ని కూడా 'అండీ' అంటారు. బంగారరాజు ఇంకో అడుగు ముందుకేసి, ఫోన్లో వినిపించే కంప్యూటర్ గొంతుకి కూడా "ఆయ్, అలాగేనండి" అని జవాబు చెబుతాడు. డిగ్రీలో ఇద్దరిదీ ఒకటే బెంచీ. అతను మధ్యలో వదిలేశాడు, నేను పూర్తిచేశాను. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటివాణ్ణి నేనే. అందుకని ఏ పనైనా చదివి, నేర్చుకుని, పద్ధతి ప్రకారం చెయ్యాలని నాకు పట్టుదల. అమలాపురంలో ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. పిల్లలు నా మాట వింటారు. వినని ప్రాణి ఒక్కటే. వాడి పేరు పిడుగు.

పిడుగు ఏడాది కూడా నిండని కుక్క. అమలాపురం బస్టాండు వెనక వానలో తడుస్తూ కనిపిస్తే సంచీలో పెట్టుకుని తెచ్చాను. అప్పుడు సంచీలో పట్టాడు. ఇప్పుడు వీధిలో కూడా పట్టడం లేదు. మెడకి బెల్టు, బెల్టుకి తాడు కట్టి బయటికి తీస్తే మనం వాణ్ణి నడిపించం, వాడే మనల్ని ఈడ్చుకుపోతాడు. పోయిన వారం మా అమ్మ సత్యవతి ఎప్పట్లాగే సాయంత్రం వాణ్ణి తిప్పుతుంటే ఒక్క లాగు లాగాడు. అమ్మ కాలవ గట్టు మీద బోర్లా పడింది. ముంజేయి బెణికి కట్టు కట్టించుకుంది.

మా నాన్న జోజి కాలవ లాకుల దగ్గర లస్కరుగా పనిచేసి రిటైరయ్యారు. ముప్ఫై ఏళ్ళు గోదావరి నీళ్ళనే చెప్పినంత మేర వదిలి, చెప్పిన వేళకి ఆపిన మనిషి. ఇంట్లో ఒక కుక్క ఆగకపోవడం ఆయన సహించలేరు.

"వచ్చే ఆదివారం చర్చికి నేనే వీణ్ణి తీసుకెళ్తాను," అన్నారు. "మన గుమ్మం దగ్గర్నించి చర్చి గేటు దాకా నా మాట విని నడిస్తే ఉంటాడు. లేదంటే మీ శ్యామ్ సుందర్ మావయ్య చెరువు మీదికి పంపేస్తాను."

మావయ్యది రొయ్యల చెరువు. అక్కడ కుక్కకి నడక రానక్కర్లేదు. గుంజకి గొలుసు వేసి కడతారు, తెల్లవార్లూ మొరగడమే ఉద్యోగం. వేసవిలో వెళ్ళినప్పుడు చూశాను. పాత కుక్క కట్టి ఉన్న చోట, గొలుసు తిరిగినంత మేరా గడ్డి లేకుండా నేల గుండ్రంగా అరిగిపోయి ఉంది. పిడుగుని ఆ గుండ్రం మధ్యలో ఊహించుకుంటే నాకు అన్నం సయించలేదు.

అందుకే వీడియోలు చూసి శిక్షణ మొదలుపెట్టాను. తాడు బిగుసుకుంటే స్తంభంలా ఆగిపోవాలి. వదులైతేనే అడుగు వెయ్యాలి. చెప్పిన మాట వింటే వెంటనే ఉడికిన గుడ్డు ముక్క పెట్టాలి. రోజూ తెల్లవారుజామున, వీధి ఇంకా లేవకముందే, ఇవన్నీ తు.చ. తప్పకుండా చేశాను. నేను స్తంభంలా ఆగిపోయేవాణ్ణి. వాడు స్తంభాన్ని కూడా లాక్కుపోయేవాడు. గుడ్డు ముక్క చూపిస్తే వాసన చూసి మొహం పక్కకి తిప్పుకునేవాడు, పెళ్ళివారింట్లో రెండో బంతికి పిలిచినట్టు.

ఈ కథంతా విని బంగారరాజు కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

"ఇది కుక్క కేసు కాదండి. దీని వెనక మనుషులున్నారండి."

"ఉన్నాను కదండీ, తాడు పట్టుకుని," అన్నాను.

"అలా కాదండి. రేపు తెల్లారగట్ల నేనూ వస్తాను. మీరు మామూలుగానే నడవండి. నేను నీడలా వెంటాడతాను."

మర్నాడు నీడలాగే వచ్చాడు, కిర్రుచెప్పులు వేసుకుని. పిడుగు ఎప్పట్లాగే నన్ను సీతారత్నం గారి గేటు దగ్గరికి ఈడ్చి, ముందుకాళ్ళు గేటు మీద వేసి కుయ్యిమన్నాడు. గేటు మూసి ఉంది. అక్కణ్ణించి సూరయ్య గారి గేటుకి, అక్కణ్ణించి ఆ పక్క గేటుకి. ఒక్క గేటు కూడా వదల్లేదు. వీధి చివర సుబ్బాయమ్మ గారి గేటు రాగానే మాత్రం తాడు వదులైపోయింది. పిడుగు నేల మీద చతికిలబడి, చెవులు నిక్కించి, మూసిన తలుపు వైపే చూస్తూ కూర్చున్నాడు. కదల్లేదు, మెదల్లేదు.

"ఆ ఇంటి దగ్గర రోజూ ఇంతేనా అండీ?" బంగారరాజు గొంతు తగ్గించాడు.

"రోజూ ఇంతేనండి. ఎందుకో తెలీదు."

"నాకు తెలిసిపోయిందండి. మిగతా ఇళ్ళలో దొంగసొత్తు ఉందండి. వాసన పట్టేస్తున్నారు పిడుగు గారు. ఇక్కడ మాత్రం భయపడిపోతున్నారు. కళ్ళు చూడండి, రెప్ప వెయ్యడం లేదు. ఇది హిప్నాటిజమండి. ఈ ముఠాకి నాయకురాలు..." అని ఆగి, ఆ గడపకేసి వేలు చూపించాడు. "సుబ్బాయమ్మ గారు."

సుబ్బాయమ్మ గారికి డెబ్భై దాటాయి. రెండెకరాల కొబ్బరితోట, ఒక గేదె, మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి. ఈ మూడింటిలో ముఠా ఎక్కడ పట్టిందో నాకు బోధపడలేదు.

"వీధివాళ్ళని అడిగేద్దామండీ, వీడు ఎందుకిలా చేస్తున్నాడో," అన్నాను.

"ప్రశ్నలు నేనే అడుగుతానండి. మీరు మాత్రం కుక్క మాట ఎత్తకండి. ఎత్తేరంటే ముఠా జాగ్రత్త పడిపోతుంది."

ఆ సాయంత్రం నేను కాలేజీ నుంచి రాగానే విచారణకి బయల్దేరాం. మొదట సీతారత్నం గారిల్లు.

"అమ్మగారండీ, ఈ మధ్య వీధిలో అనుమానించాల్సిన సంగతులేవైనా జరిగేయా అండీ?"

"ఏమీ లేదు బాబూ. పూతరేకు తింటారా?"

"తింటానండి. మరి మీ గేటు దగ్గరికి ఎవరైనా వచ్చిపోతుంటారా అండీ?"

"బోలెడుమంది వస్తారు. వచ్చినవాళ్ళని ఊరికే పంపుతామా ఏంటి?"

బంగారరాజు పూతరేకు నములుతూ నా వైపు వాలాడు. "ఊరికే పంపరంటండి. విన్నారా? ఎంత ధైర్యంగా చెబుతున్నారో."

తర్వాత సూరయ్య గారు. ఆయన అరుగు మీద గారెల పళ్ళెం ముందు కూర్చుని ఉన్నారు.

"సూరయ్య గారండీ, నిజం చెప్పండి. ఈ ఇంట్లో..."

"ముందు వేడిగా ఉన్నప్పుడు పట్టుకోండి రాజుగారూ. మాట ఎక్కడికి పోద్ది."

"ఈ ఇంట్లో ఏం దాచేరండీ?"

"దాచడమేంటండీ బాబూ, పళ్ళెం మీ ముందే పెట్టేను కదా. ఇంకోటి వేసుకోండి. ప్రకాశూ, నువ్వూ తియ్యవయ్యా."

ఆ పక్కింట్లో అరిసెలు, దాని పక్కింట్లో టీ, జంతికలు. వీధి చివరికి వచ్చేసరికి బంగారరాజు నడవలేక గట్టు మీద రాయి చూసుకుని కూలబడ్డాడు.

"చూసేరా ప్రకాశ్ గారండీ? సగం ప్రశ్న బయటికి రాకముందే నోట్లో ఏదో ఒకటి పెట్టేస్తున్నారు. సాక్షి నోరు మూయించడం విన్నాను గానీ, డిటెక్టివ్ నోరు మూయించడం ఇదే చూడ్డం. ఇది అంతర్జాతీయ ముఠాల పద్ధతండి."

"ఆదివారం దగ్గర పడుతోందండి," అన్నాను. నాకు నవ్వు రాలేదు. ఇంటికి వెళ్ళేసరికి నాన్న మావయ్యతో ఫోన్లో మాట్లాడుతున్నారు. గొలుసు అక్కడే ఉందా, మేం తేవాలా అని అడుగుతున్నారు.

గురువారం సాయంత్రం బంగారరాజు దాడి ప్రకటించాడు. పిడుగు గారు వాసన పట్టి వెళ్తారు, తను వెనకే వెళ్ళి మొత్తం వీడియో తీస్తాడు. రెండు చేతులూ ఫోనుకి కావాలి కాబట్టి తాడు తన నడుముకి కట్టుకుంటాడు.

"వద్దండీ," అన్నాను.

"పరిశోధకుడికీ జాగిలానికీ మధ్య ఇంత దూరం కూడా ఉండకూడదండి," అని రెండు ముళ్ళు వేశాడు.

గుమ్మం దాటగానే ముళ్ళ బలం తెలిసింది. పిడుగు దూకాడు. బంగారరాజు "పిడుగు గారండీ, కాస్త నెమ్మదిగా అండీ" అంటూ గాలిపటంలా వెనక వెళ్ళాడు. నేను వాళ్ళ వెనక పరుగెత్తాను.

అప్పుడు చూశాను. సాయంత్రం కాబట్టి గేట్లన్నీ తీసి ఉన్నాయి. సీతారత్నం గారు చప్పుడు వినగానే బయటికొచ్చారు. "వచ్చేవా నాయనా, ఎన్నాళ్ళైంది నిన్ను చూసి," అంటూ, గాల్లోకి ఎగురుతున్న పిడుగు నోట్లో పూతరేకు పెట్టేశారు. వెనకే వచ్చిన బంగారరాజు చేతిలో ఇంకోటి పెట్టారు. పిడుగు మింగి పక్క గేటుకి లాగాడు. సూరయ్య గారు గారె తుంచుకుని సిద్ధంగా ఉన్నారు. వాడు ఆయన ఛాతీ మీదికి ఎగిరాడు. ఎగిరినందుకు గారె ముక్క దొరికింది. ఆ పక్కన అరిసె.

నేను రోడ్డు మధ్యలో ఆగిపోయాను. మా వీధిలో గేటు ముందుకొచ్చిన నోటిని ఎవరూ ఉత్తినే పోనివ్వరు. అది నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఆ నోరు కుక్కదైనా సరేనని తట్టలేదు. నేను గుడ్డు ముక్కతో నడక నేర్పుతుంటే, వీధి వీధంతా కలిసి గారెలతో లాగడం నేర్పింది.

ఈలోగా వీధి చివర పెద్ద చప్పుడయింది. పిడుగు సుబ్బాయమ్మ గారి గేటు దగ్గరికి ఎంత వేగంగా వెళ్ళాడో అంత హఠాత్తుగా ఆగి కూర్చున్నాడు. బంగారరాజుకి ఆ విద్య రాదు. తాడు పొడవునా ముందుకు వెళ్ళి దొడ్లో కొబ్బరి డొక్కల గుట్టలో దిగాడు. ఫోను ఎగిరి గేదె కుడితిలో పడింది.

సుబ్బాయమ్మ గారు చేతిలో పళ్ళెంతో బయటికొచ్చారు. డొక్కల్లోంచి లేవబోతున్న మనిషిని చూసి ఏమాత్రం ఆశ్చర్యపోలేదు.

"వచ్చేరా రాజుగారూ. పొట్టిక్కలు ఇప్పుడే దింపేను. అలా లేచి నిలబడకండి. కూర్చోండి ముందు, తర్వాత తిందురు గాని."

పనసాకు బుట్టలో ఇడ్లీలా ఉడికించిన పొట్టిక్క తుంచి ఆవిడ చెయ్యి వెనక్కి పెట్టుకున్నారు. పిడుగు ఆవిడ మొహంలోకి చూస్తూ, తోక ఒక్కటే ఊపుతూ, బుద్ధిగా కూర్చునే ఉన్నాడు. అప్పుడు చెయ్యి ముందుకు తెచ్చి ముక్క పెట్టారు.

"అదేనండి హిప్నాటిజం," అని డొక్కల్లోంచి గొంతు వినిపించింది. "వెనక చేత్తో చేస్తున్నారండి."

"మామ్మగారూ, వీడు మీ దగ్గర ఎందుకు కూర్చుంటాడండీ?" అని నేను సూటిగా అడిగేశాను.

"కూర్చోకపోతే ఎలాగయ్యా? మా ఇంట్లో నిలబడి తినే అలవాటు ఎవరికీ లేదు. మా ఆయన బతికున్నప్పుడు కలెక్టరాఫీసు వాళ్ళొచ్చినా అంతే, కూర్చున్నాకే గ్లాసు చేతికిచ్చేదాన్ని. వీడూ మొదట్లో ఎగిరేవాడు. చెయ్యి వెనక్కి పెట్టుకునేదాన్ని. కింద కూర్చుంటే ఇచ్చేదాన్ని. మర్యాద తెలిసిన పిల్లోడు, వెంటనే గ్రహించేడు." ఆవిడ వీధి వైపు మూతి తిప్పారు. "ఆ సూరయ్య వాళ్ళింట్లో పద్ధతేం ఉంది? ఎగురుతుంటేనే నోట్లో పెట్టేస్తారు."

గేటు దగ్గరికి అప్పటికే వీధి వచ్చేసింది.

"మేం పెట్టింది లెక్కలోకి రాదా అండీ?" అన్నారు సూరయ్య గారు. "రోజుకో గారె తక్కువ లేకుండా పెట్టేను."

"గారె పెట్టేరు, పీట వెయ్యలేదు," అన్నారు సుబ్బాయమ్మ గారు.

ఇంటికి వెళ్ళి అమ్మని అడిగాను. "వీధంతా వీడికి పెడుతోందని నాకు ఒక్క మాట చెప్పలేదేంటమ్మా?"

"అది చెప్పుకునే సంగతేంట్రా?" అంది అమ్మ. "నాకు కాఫీ ఇచ్చేరు, వాడికి తినడానికి పెట్టేరు. నువ్వెప్పుడైనా అడిగేవా?"

శుక్రవారం కాలేజీకి సెలవు పెట్టి గేటు గేటుకీ తిరిగాను. పెట్టడం మానెయ్యమంటే ఎవరూ ఒప్పుకోలేదు. గుమ్మంలోకి వచ్చినవాణ్ణి పస్తు పంపలేమని సీతారత్నం గారు కళ్ళనీళ్ళు పెట్టుకున్నంత పని చేశారు. అప్పుడు సుబ్బాయమ్మ గారి పద్ధతి చెప్పాను. చెయ్యి వెనక్కి పెట్టండి, కూర్చోండి అనండి, కూర్చున్నాక పెట్టండి, చిన్న ముక్క చాలు. దీనికి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. రోజూ మనుషులకి చేసేదే కదా.

తాడు సంగతి నేను చూసుకున్నాను. వాడికి కావలసింది నా గుడ్డు ముక్క కాదు, ఎదురుగా ఉన్న గేటు. తాడు బిగుసుకుంటే గేటు దగ్గర్నించి వెనక్కి తిరిగి నడిచేవాణ్ణి. వదులైతే గేటు వైపు నడిచేవాణ్ణి. శుక్రవారం మధ్యాహ్నానికి నా చొక్కా పిండితే నీళ్ళు కారాయి. శనివారం సాయంత్రానికి వాడు నా మోకాలి పక్కన, తాడు వేలాడేలా, సీతారత్నం గారి గేటు దాకా నడిచాడు.

ఆదివారం వచ్చింది. నాన్న తెల్ల చొక్కా ఇస్త్రీ మడత నలక్కుండా వేసుకుని, ఎడమ చేత్తో బైబిలు, కుడి చేత్తో తాడు పట్టుకుని బయల్దేరారు. నేనూ అమ్మా వెనక. గేటు గేటుకీ మనుషులు చేతులు వెనక్కి పెట్టుకుని, గౌరవ వందనంలో పోలీసుల్లా నిలబడ్డారు. పిడుగు ప్రతి గేటు దగ్గరా కూర్చున్నాడు, ముక్క అందుకున్నాడు, లేచి నడిచాడు. సుబ్బాయమ్మ గారి దగ్గర నాన్నక్కూడా ఒక పొట్టిక్క తప్పలేదు.

నాన్న మొహంలో మాత్రం ఏమీ కదల్లేదు. "వీడు వింటున్నది వాళ్ళ మాట," అన్నారు నాతో. "నేను పెట్టిన షరతు నా మాట వినమని. ఇంక గేట్లు లేవు. ఇప్పుడు చూద్దాం."

సుబ్బాయమ్మ గారిల్లు దాటాక చర్చి దాకా ఇళ్ళు లేవు, కాలవ మీద తూము ఒక్కటే. తూము పక్కన కొబ్బరాకుల మోపు ఒకటి పడి ఉంది. మేం దగ్గరికి రాగానే మోపు తుమ్మింది.

పిడుగు ఒక్క దూకు దూకాడు. తాడు జివ్వున బిగిసింది. నాన్న రెండడుగులు ముందుకు తూలి, తూము గోడకి ఆనుకుని నిలబడ్డారు. అయిపోయిందనుకున్నాను. నా కళ్ళ ముందు చెరువు గట్టు మీద అరిగిపోయిన గుండ్రం కనిపించింది. అమ్మ కట్టు ఉన్న చేత్తోనే నా చెయ్యి పట్టుకుంది.

మోపు లేచి నిలబడింది. ఆకుల మధ్య బంగారరాజు మొహం.

"కంగారు పడకండి జోజి గారండీ, నేనేనండి. ముఠా నాయకురాలు వెంటాడుతుందేమోనని రక్షణగా కాపు కాసేనండి. పిడుగు గారండీ, ఆగండి అండీ, నేనేనండి."

పిడుగు అతని చుట్టూ ఎగురుతున్నాడు. కొబ్బరాకులు వాడికి బాగా నచ్చాయి. నాన్నకి నడుం పట్టినట్టుంది, తాడున్న చేతికే బైబిలు మార్చుకుని, ఎడమ చెయ్యి వెనక్కి పెట్టి నడుం పట్టుకున్నారు. లాకుల దగ్గర వరదలో పడవలవాళ్ళని కేకేసే గొంతు ఒకటి ఆయనకుండేది. చాలా ఏళ్ళకి మళ్ళీ ఆ గొంతు విన్నాను.

"రాజుగారూ. కూర్చోండి."

పిడుగు కూర్చున్నాడు.

బంగారరాజు కూడా కూర్చున్నాడు, "ఆయ్" అంటూ, తూము మట్టిలోనే, ఆకులతో సహా.

నాన్న ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. పిడుగు ఆయన మొహంలోకే చూస్తున్నాడు. తాడు నాన్న చెప్పు మీద వదులుగా పడి ఉంది. నాన్న నడుం మీంచి చెయ్యి తియ్యలేదు. అలాగే ఒక అడుగు వేశారు. పిడుగు లేచి పక్కనే ఒక అడుగు వేశాడు. ఆయన ఆగితే కూర్చున్నాడు. మళ్ళీ అడుగు, మళ్ళీ ఆగడం. చర్చి గేటు దాకా అలాగే వెళ్ళారు. మొదటి పాట మాకు దొరకలేదు.

ప్రార్థన అయ్యేసరికి చర్చికి ఎదురుగా ఉన్న అరుగు మీద బంగారరాజు నా కోసం కాచుకుని ఉన్నాడు. "ముఠా చెదిరిపోయిందండి," అన్నాడు. "అయినా ఒక సంగతి ఒప్పుకోవాలి. మీ నాన్నగారికి కూడా హిప్నాటిజం వచ్చండి. నేను కూర్చోకూడదు అనుకుంటూనే కూర్చున్నాను."

మధ్యాహ్నం భోజనాలయ్యాక నాన్న ఫోను తీసి మావయ్యకి కలిపారు. పిడుగు ఆయన కాళ్ళ దగ్గర పడుకున్నాడు. నేను వాకిట్లో వింటూ నిలబడ్డాను.

"ఏరా శ్యామూ... లేదురా, కుక్కని పంపడం లేదు... ఎవరికీ ఇవ్వలేదు, ఇక్కడే ఉన్నాడు." అవతలి మాట కాసేపు విన్నారు. వంటింట్లో ఉన్న అమ్మ వైపూ, నా వైపూ ఒకసారి చూసి గొంతు తగ్గించారు.

"అది కాదురా. ఈ ఇంట్లో నేను కూర్చోమంటే కూర్చునేవాడు వీడొక్కడే. ఎలా పంపమంటావు?"